ఎండెక్కితే పోయే కాళ్ళు

1961. కోట అనే ఊరి దగ్గర ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్లో నేను హెల్త్ విజిటర్‌గా చేరిన తర్వాత అది రెండో వేసవి. హెల్త్ విజిటర్ అంటే ఆస్పత్రిలో కూర్చునే నర్సు కాదు. ఊళ్ళ వెంట తిరగాలి. గర్భిణులను చూడాలి, పురుడైన ఇళ్ళకు వెళ్ళి బిడ్డ బొడ్డు ఆరిందో లేదో చూడాలి, మశూచి టీకాలు వెయ్యాలి, సాయంత్రం తిరిగొచ్చి రిజిస్టరు రాయాలి. ఈ ఉద్యోగం పేరు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి నేను అందరికీ నర్సమ్మనే. నా సంచిలో ఒక థర్మామీటరు, కత్తెర, దూది, నల్లట్ట నోటుబుక్కు ఉండేవి. వీటన్నిటికంటే ముందు నా నోరు ఇంట్లోకి వెళ్ళేది. ఇరవై ఆరేళ్ళ వయసులో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

మా సెంటరుకు తూర్పున, కాలువ దాటి ఇసుకలో మైలున్నర నడిస్తే సముద్రం ఒడ్డున ఒక పల్లెపాళెం ఉండేది. మగవాళ్ళు తెల్లవారక ముందే తెప్పల మీద వేటకు పోతారు. తెప్ప అంటే తాళ్ళతో బిగించిన నాలుగైదు దుంగలు, అంతే. పొద్దెక్కే వేళకు తిరిగొచ్చి, కట్లు విప్పి, దుంగలను ఒడ్డుకు లాగి విడివిడిగా ఎండబెడతారు. తెచ్చిన చేప ఇక ఆడవాళ్ళది. గంపకెత్తుకుని కోట సంతకో, వరి పల్లెలకో నడిచి అమ్ముకొస్తారు. ఇంట్లో ఆడమనిషి నడవలేకపోతే ఒడ్డున కాచుకుని ఉండే బేరగాళ్ళకు ఇచ్చెయ్యాలి. వాళ్ళు ఎంత చెబితే అంత. ఆ పాళెంలో మగవాడికి తెప్ప ఎంతో, ఇంటికి ఆడదాని కాళ్ళు అంత. ఈ సంగతి నాకు చెంగమ్మ దగ్గర తెలిసింది.

చెంగమ్మను మా సెంటరుకు తీసుకొచ్చింది ఆమె అత్త పోలమ్మ. తీసుకురావడం కాదు, రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"చూడు నర్సమ్మా దీన్ని. సంతలో నడిబజార్న గంప పడేసింది. చేపలన్నీ మట్టిపాలు. తాగి పడిందని అందరూ నవ్వుతుండారు. మా ఇంటా వంటా లేదు, ఆడోళ్ళు తాగేది."

"తాగినావా?" అని అడిగాను. ఆమెను నేను అడిగిన మొదటి మాట అదే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెంగమ్మ నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దది. పొడుగు మనిషి. గంపలు మోసి మోసి మెడ నిటారుగా ఉండేది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"తాగేదానికి పొద్దు యాడుండాది నర్సమ్మా? ఉన్నట్టుండి కాళ్ళు నావి కాకుండా పోతాయి. అంతే."

అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. రెండేళ్ళ కింద ఎడమ కన్ను మసకబారి నెలరోజులకు దానంతటదే వచ్చింది. మరుసటి ఏడు రెండో కాన్పు తర్వాత నడుం కింద అంతా తిమ్మిరి. అదీ తగ్గింది. ఇప్పుడు మళ్ళీ కాళ్ళు. నేను ఇవన్నీ వేరువేరు జబ్బులనుకున్నాను.

పోలమ్మకు ఓపిక తక్కువ. "పొద్దున్నే బాగానే ఉంటాది నర్సమ్మా. నీళ్ళు తెస్తాది, వాకిలి చిమ్ముతాది. ఎండెక్కేసరికి పడిపోతాది. పొద్దు గూకితే మళ్ళీ లేస్తాది. గడియారం చూసుకోని వచ్చే జబ్బు యాడైనా ఉంటాదా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ జబ్బు గురించి తెలుసుకోవలసినదంతా ఆ ముసలామె ఒక్క మాటలో నా ముందు పెట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను.

మా డాక్టరుగారు ఆ నెలంతా మశూచి పనిమీద ఊళ్ళు తిరుగుతున్నారు. ఆయన వచ్చేదాకా ఆగాలని నాకు తోచలేదు. బలహీనత, బాలింత వాతం అని నేనే తేల్చేశాను. బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి, వావిలాకు నీళ్ళు పొయ్యమన్నాను. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు మావైపు ప్రతి బాలింతకూ పోస్తారు. మా అమ్మ ఊరందరికీ పోసిన నీళ్ళే అవి. "ఎంత వేడి ఓర్చుకుంటే అంత మంచిది. నడుం నుంచి పాదాల దాకా పొయ్యండి. తర్వాత తడిగుడ్డతో కాపడం పెట్టండి" అని గట్టిగా చెప్పాను.

పోలమ్మ నా మాట తు.చ. తప్పకుండా చేసింది. చేపల పులుసుకు కూడా పొయ్యిలో చూసి చూసి పుల్లలు పెట్టే మనిషి, సరుగుడు పుల్లలు మోపులు మోపులుగా కొని మరీ నీళ్ళకాగు పెట్టింది. వారం తర్వాత వెళితే చెంగమ్మ గుంజ పట్టుకుని నిలబడుతోంది. కాలు ముందుకు పడడం లేదు.

"వేడి నాకు పడదమ్మా" అంది.

"పడకపోవడమేంది? పసిబిడ్డల తల్లులు పోసుకుంటుండారు. నువ్వు మనసు గట్టి చేసుకుంటే కదా నడిచేది!" అని కసిరి, రోజూ రెండు పూటలా పొయ్యమన్నాను.

పోలమ్మ నాకు వత్తాసు పలికింది. నేను నోటుబుక్కులో 'సహకరించుట లేదు' అని రాసుకున్నాను.

పన్నెండో రోజు ఇంకో ఇంట్లో పురుడు చూడడానికి పాళెం వెళ్ళి, దారిలో కదా అని చెంగమ్మ గుమ్మంలోకి తొంగిచూశాను. సరిగ్గా పొద్దుటి పూట నీళ్ళ వేళ. నా కళ్ళ ముందే ఆమె గోడ పట్టుకుని తనకు తానే నడిచి వెళ్ళి పీట మీద కూర్చుంది. పోలమ్మ నాలుగు చెంబులు పోసింది. అయిదో చెంబుకు చెంగమ్మ పక్కకు ఒరిగిపోయింది. పైకి లేపబోతే రెండు కాళ్ళూ తడిసిన గుడ్డల్లా వేలాడాయి. నేను ఎదురుగా కూర్చుని ముఖం పట్టుకున్నాను.

"నర్సమ్మా, నీ మొగం మసగ్గా ఉండాది" అంది.

ఇద్దరం కలిసి గాలి తగిలేచోటికి లాగి, కుండలో నీళ్ళతో ఒళ్ళంతా తుడిచాం. అరగంట గడిచింది. కాలి వేళ్ళు కదిలాయి. ముప్పావుగంటకు మోకాలు ముడిచింది. గంట తిరిగేసరికి లేచి గోడ పట్టుకుని నిలబడి, నా వైపు చూసి, "మొదటి దినం నుంచీ చెప్తానే ఉండా. మీరిద్దరూ వింటే గదా!" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రోజు నుంచి కాగు కిందికి దిగింది. నేను నాలుగు రోజులు వరసగా వెళ్ళి, ఏ వేళకు ఎన్ని అడుగులు వేసిందో, చల్లనీళ్ళు పోస్తే ఎంతసేపటికి కాలు కదిలిందో అన్నీ రాశాను. డాక్టరుగారు రాగానే ఆ నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"ఇది రాసింది ఎవరు?"

"నేనేనండీ."

"వేణ్ణీళ్ళు పొయ్యమన్నది?"

"అదీ నేనేనండీ."

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. చెంగమ్మను పిలిపించి చిన్న రబ్బరు సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశారు. కాలు మామూలు కంటే ఎక్కువగా ఎగిరిపడింది. రిఫ్లెక్స్ అంటారు దాన్ని. తర్వాత తాళంచెవితో అరికాలి మీద గీశారు. మామూలుగా బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. ఆమెది పైకి లేచింది. మెదడుకూ కాళ్ళకూ మధ్య నరాల దారిలో ఎక్కడో దెబ్బతిన్నదని దాని అర్థమట. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే నరానికీ ఉంటుందనీ, ఈ జబ్బులో అది అక్కడక్కడా చిరిగిపోతుందనీ ఆయన చెప్పారు. వేడి తగిలితే ఆ చిరుగుల దగ్గర మెదడు పంపిన కబురు ఆగిపోతుంది, చల్లబడితే మళ్ళీ సాగుతుంది. పుస్తకంలో దాని పేరు డిస్సెమినేటెడ్ స్క్లెరోసిస్. ఇప్పుడు మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నారు. "మనవైపు చాలా అరుదు. నేను పుస్తకంలో చదవడమే. మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాస్తాను, నువ్వే తీసుకెళ్ళు" అన్నారు.

అప్పటికి ఇంకో గొడవ మొదలైంది. చెంగమ్మ మొగుడు పెంచలయ్య నెమ్మదైన మనిషి. పెళ్ళాం మీద ప్రాణం. ఎవరో నాటువైద్యుడు మండలం రోజులు మందిచ్చి పరుగెత్తిస్తానని మాటిచ్చాడు. అతను అడిగింది ఇవ్వాలంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే, తెప్ప. అప్పటికే చెంగమ్మ ముక్కుపుడక, ఇత్తడి బిందెలు మంత్రాలకూ మొక్కులకూ పోయాయి. ఆమె గంప ఎత్తకపోవడంతో ఆ వేసవి చేపంతా బేరగాళ్ళ పాలైంది.

"మద్రాసు దొరలు ఏం చెప్తారో విని, దాని తర్వాత అమ్ము. అప్పటిదాకా దుంగ ముట్టుకోవద్దు" అని పెంచలయ్య చేత ఒట్టు వేయించుకున్నాను.

నేను, చెంగమ్మ, పెంచలయ్య, ముగ్గురం గూడూరులో రైలెక్కి వెళ్ళాం. అక్కడ వారం రోజులు ఉంచుకున్నారు. నడుములోంచి నీరు తీసి చూశారు. కళ్ళలోకి లైటు వేసి చూశారు. మా డాక్టరుగారు అనుకున్నదే నిజమన్నారు. అక్కడి పెద్ద డాక్టరు ఇంగ్లీషులో నాకు చెప్పి, వాళ్ళకు చెప్పమన్నాడు. దీనికి నయం చేసే మందు లేదు. వస్తూ పోతూ ఉంటుంది. వచ్చిపోయిన ప్రతిసారీ కొంత మిగిల్చిపోవచ్చు. ఎప్పుడు, ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు.

పెంచలయ్య నా నోటి వైపే చూస్తున్నాడు. "ఏమన్నాడమ్మా? తెప్ప అమ్మితే నయమైతాదా?"

మెత్తగా చెప్పాలని నాకు చాలా ఉంది. 'చూద్దాంలే, తగ్గొచ్చు' అనడం మా ఉద్యోగంలో అలవాటే. కానీ ఆ ఒక్క 'తగ్గొచ్చు' చాలు, ఆయన ఇంటికి పోగానే తెప్ప అమ్మేస్తాడు. "కాదు పెంచలయ్యా. తెప్ప అమ్మినా కాదు, ఏం చేసినా కాదు. నయం కాదంటే చచ్చిపోతుందని కాదు. ఈ జబ్బుతోనే బతకాల. దానికి తెప్ప కావాల" అన్నాను.

ఆయన తల తిప్పుకున్నాడు. గూడూరులో రైలు దిగేటప్పుడు, "ఇంత దూరం తీసకపోయి లేదనిపించినారు. ఉందనేవాడు ఇంకొకడు ఉండాడు గదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చెంగమ్మ మా ఇద్దరినీ చూస్తూ మూట చంకన పెట్టుకుంది.

పది రోజులకు పోలమ్మ మా సెంటరుకు పరుగున వచ్చింది. "నర్సమ్మా, తెప్ప కొనేవాడు బండి తెచ్చినాడు. అది దుంగల మీద కూసోని లెయ్యనంటుండాది!"

ఉరుకులు పరుగుల మీద వెళ్ళాను. అప్పటికే తొమ్మిది దాటింది, ఇసుక కాలుతోంది. చెంగమ్మ అన్నిటికంటే పెద్ద దుంగ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కొంగు తలమీద వేసుకుని ఉంది. తెల్లవారగానే తన కాళ్ళతో తనే నడిచి వచ్చి కూర్చుందట. కొనడానికి వచ్చినవాడు బండి నీడలో బీడీ కాలుస్తూ కాచుకున్నాడు. పెంచలయ్య దూరంగా నిలబడి ఉన్నాడు. పాళెంలో సగం మంది అక్కడే ఉన్నారు.

"ఏంది చెంగమ్మా ఇది? ఎండలో కూర్చోవద్దని చెప్పినాను గదా, లెయ్యి!" అన్నాను.

"లెయ్యలేను నర్సమ్మా. ఎండెక్కింది గదా, కాళ్ళు పోయినాయి. అందుకే గదా పొద్దున్నే వచ్చి కూసున్నా!" అంది. ఆ ముఖంలో నవ్వుంది. జబ్బు వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "రాయ్యా. ఎత్తి పక్కన పెట్టి అమ్ముకో. నేను అడ్డం పడేదానికి నాకు కాళ్ళు లేవు. నయం కాదని నర్సమ్మ నా ముందరే చెప్పింది, నేను విన్నా. నువ్వే వినలేదు. నా కాళ్ళూ పోయి, ఈ తెప్పా పోతే ఈ ఇంట్లో ఇంక నడిచేది ఏముండాది? రెండూ ఒక్కసారే పోవాల్నా?"

పెంచలయ్య దగ్గరికి వచ్చాడు. ఎత్తుతాడనే అనుకున్నాను. వంగాడు కూడా. ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆ దుంగ మీదే పక్కన కూలబడి, అంత మంది ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక నా నోటికి పని దొరికింది. బండివాణ్ణి పట్టుకుని, "ఏమయ్యా, కాళ్ళు లేని ఆడదాని కింద నుంచి దుంగ లాక్కొని పోతావా? సిగ్గు లేదా నీకు? బండి తిప్పు!" అని ఒడ్డంతా వినపడేలా కడిగేశాను. పాపం అతని తప్పేమీ లేదు. కానీ బండి మాత్రం తిప్పాడు. పోలమ్మ కడవ తెచ్చి కోడలి నెత్తిమీద గుమ్మరించింది. "ఎన్ని నీళ్ళు పొయ్యాలో అన్నీ పోస్తానే నా తల్లీ" అంటూ పోసింది. చల్లనీళ్ళు.

మర్నాడు చెంగమ్మ నన్ను అడిగింది. "తెప్ప ఉండాది. నేనేం చెయ్యాల ఇప్పుడు?" నా ట్రైనింగులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. మందు, పథ్యం, విశ్రాంతి, ఇంతవరకే మాకు నేర్పారు. ఇద్దరం కూర్చుని ఆమె దినాన్ని గంట గంటకూ విడదీశాం. తెల్లవారుజామున నడక, బావి, వంట. ఎండ ముదిరాక కూర్చునే పని. ఒడ్డు మీద తాటాకు పందిరి, భుజాల మీద తడి గోనె. చేప వచ్చేది ఆ వేళకే. గంప మొయ్యలేకపోయినా చెంగమ్మకు ధర తెలుసు. సంతకు పోయొచ్చిన ఆడవాళ్ళు రేట్లు చెబుతుంటే, పందిట్లో కూర్చుని బేరగాళ్ళతో ఒక్క కానీ తగ్గకుండా బేరం తెగ్గొట్టేది. ముందు తన తెప్పకు, తర్వాత పక్కింటి తెప్పలకు. ఆమె చేపలో కొంత ఆ ఆడవాళ్ళు సంతకు మోసేవాళ్ళు, ఒడ్డు మీద వాళ్ళ బేరం ఆమె చేసేది.

ఇంకొకటి నాకు చెప్పడానికి ఆమెకు నెల పట్టింది. ఒంటికి వస్తే ఆపుకోలేకపోయేది. సరుగుడు తోపు దాకా నడిచే లోపు చీర తడిసిపోయేది. అందుకని పొద్దస్తమానం నీళ్ళు తాగడం మానేసిందట, ఆ ఎండల్లో! ఇంటి వెనకే తాటాకుల దడి కట్టించమన్నాను. పెంచలయ్య ఒక్క పూటలో కట్టాడు. మద్రాసులో ఏ డాక్టరూ అడగని సంగతి అది, నేనూ అడగలేదు. ఆ దడి ఆమెకు ఇచ్చినంత ఊరట నా మాత్రలు ఏనాడూ ఇవ్వలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. అరవైమూడు వానల్లో జబ్బు మళ్ళీ వచ్చి కుడి చెయ్యి వణుకు మిగిల్చింది. వల ముడి వెయ్యడం పోయింది. అరవై ఆరు నాటికి తెల్లవారుజామున కూడా నిలబడలేకపోయింది. పెద్దకూతురు మూడో తరగతితో బడి మానేసింది. ఆ పిల్ల కోసం నేను చాలాసార్లు పోట్లాడి ఓడిపోయాను. ఆ ఇంట్లో ఇంకో జత చేతులు లేవు మరి. పుళ్ళు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలని పోలమ్మకు నేర్పితే, ఒక్కనాడూ తప్పకుండా చేసింది. ఆ ఏళ్ళలోనే ఆమె నడుం వంగిపోయింది. కోడలి కేసు రాసిన నా రిజిస్టర్లో అత్తకు ఒక గడి కూడా లేదు.

1968లో నాకు బదిలీ అయింది. చెప్పి పోదామని పాళెం వెళ్ళాను. పెంచలయ్య చెంగమ్మను ఎత్తుకొచ్చి పందిట్లో కూర్చోబెట్టాడు. ఒక బేరగాడు మొహం వేలాడేసుకుని అప్పుడే వెళ్ళిపోతున్నాడు. ఒడ్డున వాళ్ళ తెప్ప దుంగలు ఎండుతున్నాయి. నేను ఏడేళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట ఆ రోజు చెప్పాను.

"చెంగమ్మా, ఆ పన్నెండు దినాలు వేణ్ణీళ్ళు పోయించినాను నీకు. నన్ను క్షమించు."

ఆమె పకపకా నవ్వింది. "దానికేముండాదిలే నర్సమ్మా! నేను చెప్పింది వినేదానికి మా అత్తకు రెండేళ్ళు పట్టింది, నా మొగుడికి ఇంకా ఎక్కువ పట్టింది. నీకు పన్నెండు దినాలే గదా. అందరి మీదా నువ్వే నయం."

నవ్వాను, కానీ దారంతా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఏ కేసు రాసినా పేరు కింద మొదటి వరస ఖాళీగా వదిలి, రోగి ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే ముందు అక్కడ రాసేదాన్ని. నాకు తోచింది దాని తర్వాతే. నల్లట్ట నోటుబుక్కులోని చెంగమ్మ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో 'సహకరించుట లేదు' అన్నది కొట్టేసి, పైన ఖాళీ లేకపోతే అంచులో రాసుకున్నాను. వేడి నాకు పడదమ్మా.